కొండకొమ్మున కచేరి: మా ప్రయాణసన్నాహము

మన పెద్దలు తిరునాళ్ళకు పోవునపుడు, బండి కట్టుటకు నాలుగు దినములు ముందుగనే ఇల్లంతయు ప్రయాణపు సందడితో నిండియుండెడిది. పేలపిండి, అటుకులు, చలిమిడి, ఊరగాయజాడీ, చాపలు, దుప్పట్లు, పసిబిడ్డకు వాము, ముసలివారికి శొంఠి, వీనిలో ఏ యొక్కటి మరచినను నడిదారిలో అంగడి దొరకదు. రైళ్ళును, సత్రములును, పూటకూళ్ళ యిండ్లును ఏర్పడిన పిమ్మట ఆ నేర్పు మన గృహములలో సన్నగిల్లినది. అట్టి నేర్పు మరల అవసరమైన ప్రయాణమొకటి 2024వ సంవత్సరము జూను మాసమున మాకు తటస్థించినది. సముద్రమట్టమునకు 2,667 మీటర్ల యెత్తున, ఆకాశమే పందిరిగా నాలుగు దినములు జరుగు సంగీతోత్సవమునకు, గుడారము వేసికొని యుండవలెనని మూడు తరములవారము కలసి బయలుదేరితిమి. అందులకై మేము చేసికొన్న యేర్పాట్లను, వానికంటె ముందుగా మా యింట తేల్చుకొనవలసివచ్చిన యొక సందేహమును సోదరీమణులకు తెలుపగోరుచున్నాము.

అమెరికాదేశమున కొలరాడో రాష్ట్రమునందు టెల్యురైడ్ అను చిన్నయూరు కలదు. మూడువైపుల పర్వతములు కోటగోడలవలె నిలిచియుండ, పడమట మాత్రమే దారి విడిచిన లోయలో ఆ యూరు ఒదిగియున్నది. తూర్పుకొసను 365 అడుగుల యెత్తునుండి దుముకు జలపాతమునకు పెండ్లికూతురి మేలిముసుగు అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. పూర్వము వెండి బంగారు గనులకై పుట్టిన యూరది. ఆ గనులలోని యంత్రమును నడపుటకే దాపుననున్న ఏమ్స్ అనుచోట 1891లో నీటిబలముచే విద్యుచ్ఛక్తిని పుట్టించి, ఆల్టర్నేటింగ్ కరెంటు రూపమున తీగెలమీద దూరమునకు పంపిరి. గనుల కాలము గతించినది. 1974 మొదలుకొని, పగలు మిక్కిలి దీర్ఘముగా నుండు జూను దినములలో, అచ్చట బ్లూగ్రాస్ సంగీతోత్సవము జరుగుచున్నది. 2020లో మాత్రము కోవిడ్ మహమ్మారివలన జరుగలేదు. సామ్ బుష్ అను మాండలిన్ విద్వాంసుడు 1975 నుండి ఏటేట వచ్చుచుండుటచే ఆయనను టెల్యురైడ్ రాజని ముద్దుగా పిలుచుకొందురు.

ఈ బ్లూగ్రాస్ అనునది కెంటకీ రాష్ట్రమువాడైన బిల్ మన్రో అను నాతడు 1940ల నాటికి రూపు దిద్దిన బాణి. మాండలిన్, బాంజో, గిటారు, పెద్ద బాసు వాద్యము, వీనితోపాటు ఫిడేలు ఇందు ప్రధానములు. పరదేశపు సంగీతముతో మనకేమి పనియని చదువరులు తలపవచ్చును. కాని మాండలినును కర్ణాటక సంగీతసభలో కూర్చుండబెట్టినవాడు మన పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్. ఫిడేలుమాట చెప్పనే యక్కరలేదు. వయొలిన్ అని కాగితముమీద వ్రాసినను, నోట ఫిడేలు అనియే మనవారందురు. విజయనగరపు సంగీతకళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడు గారిని జనులు ఫిడేలు నాయుడుగారనియే యెరుగుదురు. ఇచ్చటి పల్లెకారులును తమ వాద్యమును ఆ పేరిటనే పిలుతురు. మనవారు చతికిలబడి, దాని కొసను పాదమునకానించి వాయింతురు. వీరు నిలుచుండి, గడ్డము క్రింద నిలిపి వాయింతురు. వాద్యమొక్కటియే, కూర్చుండుటయు నిలుచుండుటయు వేరు.

మావారు డెన్వరు నగరమున బాలురకు లెక్కలు చెప్పు బడిపంతులు. వేసవి సెలవులకు విజయనగరమునుండి మా అత్తగారు మాయొద్దకు వచ్చియుండిరి. ఆమెకు అరువదియేడేండ్లు. మామగారు బ్రతికియున్ననాళ్ళు ప్రతిదినము తెల్లవారుజామున ఫిడేలు సాధన చేసెడివారు. ఆయన పోయిన నాలుగేండ్లనుండియు అత్తగారు ఏ కచేరిలోను కూర్చుండలేదు. నవరాత్రులలో పొరుగువారు పిలిచినను తలనొప్పియని తప్పించుకొనెడివారు. మా యమ్మాయి పండ్రెండేండ్లది. బడిలో ఫిడేలు నేర్చుకొనుచున్నది. ఒకనాటి సాయంకాలమున ఆ పిల్ల టెల్యురైడ్ సంగతి చెప్పుచు, కొండలలో వేలమంది గడ్డిమీద కూర్చుండి ఫిడేలు విందురని వర్ణింపగా, అత్తగారు చేతిలోని చిక్కుడుకాయలు ప్రక్కనుంచి, "నన్నుకూడ తీసికొనిపోవుదురా?" అని యడిగిరి. నాలుగేండ్లలో ఆమె తనంత తాను కోరిన కోరిక యిదియొక్కటియే.

మావారు వెంటనే వలదనిరి. ఆమెకు రక్తపుపోటు కలదు. నిత్యము మాత్రలు మ్రింగుచున్నది. అంత యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో నూటికి డెబ్బదిమూడు వంతులు మాత్రమే. ఊపిరికి అందు ప్రాణవాయువును ఆ మేరకు తగ్గును. జూనులోను రాత్రులు ఐదు డిగ్రీలకు దిగజారుట కలదు. "అమ్మకు ఏమైన జరిగినచో మన అన్నదమ్ములకు నేనేమి సమాధానము చెప్పుదును?" అని ఆయన వాదము. ఆ భయము న్యాయమైనదే. కాని మాకు వేరొక భయము తోచినది. పెద్దవారిని కాపాడుచున్నామనుకొనుచు, ఒకదాని తరువాత నొకటిగా వారి ముచ్చటలకు తలుపులు మూయుచు, చివరకు కిటికీదగ్గర కుర్చీ, వేళకు మాత్ర, ఈ రెండే వారికి మిగుల్చుట లోకమున చూచుచునే యున్నాము. ఆ చేయువారు నిర్దయులు కారు, ప్రేమ కలవారే. అందుచేతనే ఆ పెద్దవారు ఎదురు పలుకనేరరు.

ఇంటిలో వాదించుటకంటె తెలిసినవారి నడుగుట మేలని వైద్యురాలియొద్దకు పోయితిమి. ఆమె అత్తగారిని పరీక్షించి, మెట్లెక్కించి, దింపి, నాడి చూచి చెప్పిన మాటలు అందరకు ఉపయోగించునవి గనుక వ్రాయుచున్నాము. రెండువేల యైదువందల మీటర్లకు మించిన చోట నిదురించువారికి తలనొప్పి, వికారము, నీరసము, నిద్రపట్టకుండుట కలుగవచ్చును. ఇవి చేరిన కొలది గంటలకు మొదలై, విశ్రమించినచో రెండు మూడు దినములలో తగ్గును. ఎవరికి వచ్చునో ముందుగా చెప్పుట కష్టము. వయసులోనున్న బలశాలికి వచ్చి, వృద్ధునకు రాకపోవుటయు కలదు. మెల్లగా నెక్కుటయే దీనికి మొదటి మందు. రక్తపుపోటు మాత్రలు మానరాదు. తొలినాళ్ళలో పోటు కొంత హెచ్చవచ్చును గనుక చూచుకొనుచుండవలయును. ఎత్తుకు వాడు మాత్రలున్నవి గాని అవి అందరకు పడవు. వైద్యుని యడుగక మ్రింగరాదు. కదలక కూర్చున్నప్పుడును ఆయాసము, నడకలో తూలు, మాటలో తత్తరపాటు, వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు వేచియుండక, అప్పటికప్పుడే క్రిందికి దిగిపోవలయును. ఇంత చెప్పి ఆమె, "ఈ నియమములు పాటించునట్లయిన తీసికొనిపోవచ్చును" అని మావారివంక చూచి నవ్వినది.

అప్పుడు మావారు పలకాబలపము చేతబట్టినవారివలె లెక్కలోనికి దిగిరి. డెన్వరు 1,609 మీటర్ల యెత్తున నున్నది. అత్తగారు అచ్చట అప్పటికే మూడు వారములుండిరి. అది మొదటి మెట్టు. త్రోవలో గన్నిసన్ అను ఊరు సుమారు 2,350 మీటర్లు. అచ్చట ఒక రాత్రి బస చేయవలయును. అది రెండవ మెట్టు. మూడవది టెల్యురైడ్. ఏదైన ముప్పు తోచినచో గంటసేపు కారు నడపి 2,130 మీటర్లలోనున్న రిడ్జ్‌వే అను ఊరికి దిగవచ్చును. అచ్చట ఒక గదికూడ ముందుగనే మాటాడి యుంచితిమి. దిగవలసివచ్చినచో ఎంతటి విద్వాంసుడు వేదికమీదనున్నను, "ఇంకొక్క పాట" అని యెవ్వరును అనరాదని అమ్మాయిచేత మాట తీసికొంటిమి. ఆ పిల్ల కన్నుల నీరు పెట్టుకొనియే మాట యిచ్చినది. కారులో పెట్రోలు ఎల్లప్పుడు నిండుగా నుంచవలయుననునది మావారు తమకు తాము విధించుకొన్న నియమము.

పోవుటకు నెలదినములు ముందుగా మా పెరటిలోనే గుడారము వేసి ఒక రాత్రి పరుండితిమి. ఆ యొక్క రాత్రి నేర్పిన సంగతులు ఏ పుస్తకమును నేర్పలేదు. చలి పైనుండి మాత్రమే వచ్చునని మనమనుకొందుము. నిజమునకు నేల మన యొంటి వేడిని పీల్చివేయును. పైన రెండు రగ్గులు కప్పుకొనుటకంటె క్రింద మందమైన పరుపు పరచుకొనుట మిన్న. అత్తగారికి నేలనుండి లేచుట కష్టమైనది. అందుచే మడతమంచమొకటి తెచ్చి, దానిపై పరుపు పరచితిమి. నడిరేయి లేచినపుడు ఒకచేత దీపము, ఒకచేత చీరకుచ్చెళ్ళు పట్టుకొని గుడారపు తలుపు తీయుటకు మూడవచేయి కావలసివచ్చినది. మరునాడే తలకు కట్టుకొను దీపములు కొంటిమి. తలుపు నిండుగా మూసినచో మన ఊపిరియే లోపల మంచువలె పట్టి దుప్పట్లు తడియును. పైభాగమున కొంచెము సందు విడువవలయును. గుడారములో కుంపటిగాని, గ్యాసుపొయ్యిగాని వెలిగించుట ప్రాణాపాయకరము. ఎంత చలియైనను ఆ తలంపే కూడదు.

ఇక వంటమాట. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. సముద్రతీరమున నూరు డిగ్రీలకు మరుగు నీరు డెన్వరులో తొంబదియైదింటికి, టెల్యురైడ్‌లో తొంబదియొకటికి మరుగును. తెర్లుచున్నది గదా అని మనము భ్రమపడుదుము గాని ఆ నీటిలో కందిపప్పు గంటల తరబడి ఉడికినను పలుకు విడువదు. అన్నమును ఆలస్యముగనే ఉడుకును. కావున ప్రెషర్ కుక్కరు లేనిదే తెనుగింటి వంట ఆ కొండలలో సాగదు. కుక్కరులోను మామూలుకంటె నాలుగైదు నిమిషములు హెచ్చుగా నుంచవలయును. త్రాగుటకై వాగునీరు కాచువారు ఆ యెత్తున ఒక నిమిషము కాక మూడు నిమిషములు మరుగనీయవలెనని ఆరోగ్యశాఖవారు చెప్పుదురు. చలిలో ఇడ్లీపిండి పులియదు. అందుచే ఉప్మాకు రవ్వ ఇంటనే వేయించి, పోపుకూడ కలిపి డబ్బాకెత్తితిమి. పులిహోరపులుసు, కందిపొడి, వేయించిన అటుకులు, మినుపసున్ని, శొంఠిమిరియాల పొడి సిద్ధముచేసితిమి. ఆవకాయమాత్రము అత్తగారి పోటును తలచి చిన్నసీసాకు కుదించితిమి. గాలి చొరకుండ మూసిన పొట్లములు పైకి పోయినకొలది పూరీలవలె ఉబ్బును. గట్టిగా బిగించిన సీసాను దించునపుడు మూత మెల్లగా వదలుచేయవలయును, లేనియెడల నూనె చీరమీదనే.

వేసవిలో ఆ యడవులకు దావాగ్నిభయము మిక్కుటము గనుక కట్టెలపొయ్యి ఆశ విడిచి, నియమములు చదువుకొని, చిన్న గ్యాసుపొయ్యితో సరిపెట్టుకొంటిమి. అచ్చట ఎలుగుబంట్లు కూడ సంచరించును. వానికి వాసన పసిగట్టు శక్తి అద్భుతమైనది. తినుబండారములే కాదు, సబ్బు, పండ్లపొడి, కొబ్బరినూనె, ఏదియు గుడారములో నుంచరాదు. ఎలుగు తెరువలేని పెట్టెలో భద్రపరుపవలయును. నిత్యము తలకు నూనె రాచుకొను అత్తగారు ఈ మాట విని, "నాలుగు దినములు జడ పొడిగనే యుండనీ, భల్లూకముతో నాకు పోరెందులకు?" అనిరి.

బట్టల విషయమున ఒక్క సూత్రము. మందమైన దొకటి కాక, పలుచనివి పొరలుపొరలుగా ధరింపవలయును. మధ్యాహ్నము ఎండ కాయును, సాయంకాలము వాన రావచ్చును, రాత్రి వణుకు పుట్టును. పొరలు తీయుచు వేయుచు నుండవచ్చును. నూలుబట్ట తడిసినచో ఆరదు, వెచ్చదనము నీయదు. లోపొరకు ఉన్ని మేలు. అత్తగారికి చీరక్రింద ఉన్ని లోదుస్తులు, మేజోళ్ళు, పైన శాలువ, చెవులకు ఉన్నిటోపీ అమర్చితిమి. ఎత్తున చల్లగా నున్నను ఎండ తీవ్రము. వేయిమీటర్లకు సుమారు పదవవంతు చొప్పున అతినీలలోహిత కిరణములు హెచ్చును. అంచుపెద్ద టోపీ, నల్లకళ్ళజోడు, చర్మమునకు లేపనము అవసరములు. పిడుగులవేళ చెట్టుక్రిందగాని గుడారములోగాని తలదాచుకొనరాదు. పక్కాకట్టడములోనో, కారులోనో చేరవలయును. పిల్లల చెవులకు శబ్దము తగ్గించు తొడుగులు తీసికొంటిమి. వేదిక దగ్గర మైకుల హోరు లేతచెవులకు మంచిది కాదు.

ఇన్ని చేసికొని బయలుదేరితిమి. గన్నిసన్‌లో ఒక రాత్రి గడపి, మరునాటి మధ్యాహ్నమునకు టెల్యురైడ్ చేరితిమి. బసస్థలము ఊరికి వెలుపల నుండెను. అచ్చటినుండి ఉత్సవస్థలమునకు బస్సులు నడచును. ఆ దినము ఎచ్చటికిని పోక, మెల్లగా గుడారము వేసికొని, నీరు త్రాగుచు విశ్రమించితిమి. రాత్రి పదిగంటలవేళ తలనొప్పియు వికారమును పుట్టినవి. ఎవరికనుకొనుచున్నారు? మావారికి! ప్రతియుదయము మూడుమైళ్ళు పరుగెత్తు మనిషి ఆయన. అత్తగారు మడతమంచము దిగివచ్చి, కుమారుని తల ఒడిలో నుంచుకొని, ఫ్లాస్కులోని శొంఠినీరు గ్రుక్కగ్రుక్కగా త్రాగించుచు, "నాయనా, రేపు నీవు కదలవలదు. వైద్యురాలు చెప్పిన నియమములు నాకు ఒక్కదానికే కావు" అనిరి. ఆయాసముగాని తూలుగాని లేకుండుటచే దిగవలసిన పని కలుగలేదు. మరునాటి సాయంకాలమునకు నొప్పి శమించినది. మేము నడిరేయి ఇరువుర నాడిని, ఊపిరిని చూచుచు మేలుకొనియే యుంటిమి. ఆ యొక్క రాత్రి ఎంత దీర్ఘమో చెప్పనలవి కాదు.

మూడవనాటి సంజవేళ గడ్డిమీద చాపపరచి అందరము కూర్చుండగా, ఎదుటి శిఖరములమీది మంచు గులాబివన్నె తిరుగుచుండెను. వేదికమీద ఫిడేలొక్కటియే ముందుగా ఎత్తుకొన్నది. తక్కిన వాద్యములు ఊరకుండెను. అత్తగారు మొదట తలవంచుకొనిరి. మేము ఆమె చేయి పట్టుకొని, దిగిపోవుదమా అని మెల్లగా నడిగితిమి. ఆమె తల అడ్డముగా నూపిరి. కొంతసేపటికి ఆమె కుడిచేయి మోకాలిమీద తాళము వేయుట చూచితిమి. అది మన ఆదితాళము కాదు, వారి లెక్కయు కాదు. రెంటినడుమ ఆమె తనకు తోచిన దారి పట్టినది. పాట ముగిసిన పిమ్మట అమ్మాయితో, "మీ తాతగారు ఇట్లు పరుగెత్తించెడివారు కారు. కాని కమాను ఎత్తునపుడు ఆ మణికట్టు అచ్చముగా వారిదే" అనిరి. నాలుగేండ్లలో మామగారి వాద్యమును గూర్చి ఆమె నోట వెలువడిన మొదటి మాట యిది. మావారు మారుమాటాడక తల్లి భుజముమీద శాలువ సవరించిరి.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత అత్తగారు పెట్టె యడుగునుండి మామగారి ఫిడేలు ఫోటో తీసి అమ్మాయి బల్లమీద నుంచిరి. దసరాకు స్వగ్రామము చేరిన పిమ్మట పొరుగువారి కచేరికి పోయితినని జాబు వ్రాసిరి.

పెద్దవారిని ఇట్టి ప్రయాణములకు తీసికొనిపోవలెనా యని మమ్మడుగు సోదరీమణులకు మేము చెప్పగలిగినది స్వల్పము. అందరి దేహములు ఒక్కతీరుగ నుండవు. గుండెజబ్బుగాని, ఊపిరితిత్తుల వ్యాధిగాని కలవారి సంగతి వేరు. వైద్యుడు వలదన్నచో మానవలసినదే. కాని వలదను మాట వైద్యుని నోట వినకముందే మన నోట రానీయకుడు. ముందుగా వారినే యడుగుడు. పిదప వైద్యు నడుగుడు. పిదప మెట్టుమెట్టుగా నెక్కుడు. దిగుదారి సిద్ధముగా నుంచుకొనుడు. మడతమంచము, తలదీపము, కుక్కరు మరువకుడు. శొంఠిపొడి మాత్రము రెండింతలు తీసికొనిపొండు. అది ఎవరికి అవసరమగునో ముందుగా తెలియదు.